పెట్ట గుడ్డు దారిలో జబ్బు: ముందు చేత్తో చూడాలి, తర్వాతే మందు

మూడేళ్ల కిందట మా పెరట్లో బీవీ 380 అనే, గుడ్లు ఎక్కువ పెట్టే రకం పెట్ట ఒకటి ఉండేది. రోజూ పొద్దున పదిలోపే ఎర్ర గుడ్డు పెట్టి, వీధంతా తెలిసేలా అరిచేది. ఒకరోజు అరవలేదు. మర్నాడూ అరవలేదు. తోక వేలాడేసి, గూడు మూలన నిటారుగా నిలబడి కళ్లు మూస్తూ తెరుస్తూ ఉంది. నేను దాన్ని చేతిలోకి కూడా తీసుకోకుండా బండెక్కి మందుల షాపుకు పోయాను. "కోడి డల్‌గా ఉందండీ" అన్నాను. షాపతను యాంటీబయాటిక్ సీసా ఒకటి చేతిలో పెట్టి, "నీళ్లలో కలపండి, సర్దుకుంటుంది" అన్నాడు. సర్దుకోలేదు. నాలుగో రోజు చచ్చిపోయింది. డాక్టరు గారు కోసి చూపిస్తే లోపల పెంకుతో సహా పూర్తిగా తయారైన గుడ్డు, దారికి అడ్డంగా ఇరుక్కుని ఉంది. ఆయన ఒకే మాట అడిగారు: "వేలు పెట్టి చూశారా?"

చూడలేదు. పెట్ట గుడ్డు మానేసి డీలా పడటానికి అరడజను కారణాలుంటాయి. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, వైద్యం మాత్రం దేనికదే. అందుకే ఇందులో మందుల కంటే ముందు చేతుల పని గురించి ఎక్కువ చెప్తాను. యాంటీబయాటిక్ మోతాదులు రాయను, అవి డాక్టరు గారు రాయాల్సినవే.

గుడ్డు దారి ఎలా పనిచేస్తుంది

పుస్తకాల్లో అండవాహిక అంటారు. నేను గుడ్డు దారి అంటాను. కోడిలో ఇది ఎడమ వైపే ఉంటుంది. కుడి వైపుది గుడ్డులో పిండంగా ఉన్నప్పుడే ఎదగకుండా ఆగిపోతుంది. అండాశయంలో పండిన పచ్చసొన గరాటులాంటి మూతిలోకి జారుతుంది. అక్కడ పావుగంట ఇరవై నిమిషాలు ఉంటుంది. తర్వాతి భాగంలో దాదాపు మూడు గంటలపాటు తెల్లసొన పడుతుంది. ఆపైన గంటకు పైగా పొరలు అల్లుకుంటాయి. చివరికి పెంకు సంచిలో దాదాపు 20 గంటలు కూర్చుంటుంది. మొత్తం ఒక రోజు పైచిలుకు. అందుకే పెట్ట రోజురోజుకీ కాస్త ఆలస్యంగా పెట్టుకుంటూ పోయి, ఒకరోజు నాగా పెడుతుంది. ఆ ఒక్క నాగాకు కంగారు పడొద్దు.

ఈ లెక్క తెలిస్తే గుడ్డు చూసే తేడా ఎక్కడుందో కొంత పట్టుకోవచ్చు. తెల్లసొన నీళ్లలా కారిపోతుంటే తేడా దారి మధ్య భాగంలో ఉంది. పెంకు ముడతలు పడ్డా, తోలులా ఉన్నా తేడా పెంకు సంచిలో ఉంది, లేదా దాణాలో కాల్షియం చాలడం లేదు.

సూక్ష్మజీవి ఈ దారిలోకి రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి కింద నుంచి. రెట్ట, గుడ్డు రెండూ బయటికొచ్చే ద్వారం ఒకటే (ఇకపై దాన్ని వెంట్ అంటాను). రెట్టలో ఎప్పుడూ ఉండే ఈ-కోలై అనే సూక్ష్మజీవి అక్కడి నుంచి పైకి పాకుతుంది. రెండోది గాలిసంచుల గుండా. కోడి ఊపిరితిత్తులకు అనుబంధంగా పొట్టలో కూడా గాలిసంచులుంటాయి. ఎడమ పక్క సంచి గుడ్డు దారిని ఆనుకునే ఉంటుంది. కాబట్టి తుమ్ములు, గురగురలతో మొదలైన జబ్బు కొన్ని వారాలకు గుడ్డు దారిలో చీముగా తేలొచ్చు. "జలుబు తగ్గిపోయిందిలే" అని మనం మర్చిపోయాక అది మొదలవుతుంది.

నాటుకోడికి ఈ బాధ తక్కువే. పదీ పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, దారికి విశ్రాంతి దొరుకుతుంది. బీవీ 380, గ్రామప్రియలాంటివి పొదుగు మర్చిపోయి ఏడాదంతా పెడుతూనే ఉంటాయి. గుడ్లు ఎక్కువ కావాలనుకున్నవాళ్లం ఈ చాకిరీకి కూడా సిద్ధపడాలి.

మొదటి పావుగంట: తడిమి చూడటం

చీకటి పడ్డాక గూట్లోంచి తీస్తే పెట్ట కొట్టుకోదు. పగలైతే పట్టుకోవడానికి తరమొద్దు, గంప కింద మూసి తీయండి. రెక్కలు ఒంటికి ఆనేలా చంకలో పెట్టుకుని, తల మీ వెనక్కీ, ముడ్డి ముందుకీ ఉండేలా పట్టుకోండి. ఒళ్లు వేడిగా తగిలితే జ్వరం అనుకోవద్దు. కోడికి 41, 42 డిగ్రీల సెల్సియస్ మామూలే.

మొదట జుట్టు, అంటే తల మీది ఎర్ర తురాయి, చూడండి. ఎర్రగా నిండుగా ఉంటే జబ్బు కొత్తది. పాలిపోయి కుంచించుకుపోతే కొన్నాళ్లుగా నడుస్తోంది. నీలంగా మారితే పరిస్థితి విషమించింది.

తర్వాత రొమ్ము ఎముక. రెండు పక్కలా కండ ఉండాలి. కత్తి అంచులా తగిలితే పెట్ట లోపల్లోపల వారాల తరబడి కరిగిపోతోందన్నమాట. గుడ్డు దారి చీములో ఇదే మోసం. పొట్ట ఉబ్బి బరువు తూగుతుంది, రొమ్ము మాత్రం ఎండిపోయి ఉంటుంది.

ఇప్పుడు పొట్ట. రొమ్ము ఎముక చివర నుంచి వెంట్ దాకా అరచేత్తో నిదానంగా తడమండి. గుడ్లు పెట్టే ఆరోగ్యమైన పెట్టకు అక్కడ మెత్తగా, పిసికిన పిండిలా ఉంటుంది. నీళ్లు నింపిన బెలూన్‌లా ఊగితే లోపల నీరు చేరింది. గట్టి ముద్దలు తగిలితే చీముగడ్డలు కావచ్చు. వెంట్‌కు దగ్గరగా నున్నగా, గుండ్రంగా ఒక్కటే తగిలితే అది గుడ్డు. గట్టిగా నొక్కొద్దు. లోపల గుడ్డు పగిలితే కథ అడ్డం తిరుగుతుంది.

వెంట్‌కు రెండు పక్కలా సన్నటి ఎముకలు చేతికి తగులుతాయి. వాటి మధ్య రెండు మూడు వేళ్లు పడితే పెట్ట గుడ్ల మీద ఉంది. ఒక వేలే పడితే గుడ్లు మానేసింది, బహుశా మీరు గమనించక ముందే.

ఆఖరున వెంట్. తడిగా, గులాబీ రంగులో, కాస్త వెడల్పుగా ఉండాలి. తెల్లటి పేస్టు, పుల్లటి కుళ్లు వాసన, ఎర్రటి పుండు, రక్తం, ఈకల మొదట్లో పేలు, పురుగులు: ఏది కనిపించినా రాసి పెట్టుకోండి. గుడ్డు ఇరుక్కుందని అనుమానం ఉంటే గోరు తీసిన వేలికి గ్లవ్ వేసి, కొబ్బరి నూనె రాసి, నిదానంగా ఒకటి రెండు కణుపుల లోతు పెట్టి చూడాలి. చిన్న పెట్టకు చిటికెన వేలు. ఇరుక్కున్న గుడ్డు చాలావరకు ఈ లోతులోనే గట్టిగా తగులుతుంది.

ఈ పావుగంటలో దొరికిన సంగతులే డాక్టరు గారికి ఫోన్లో చెప్పాలి. "డల్‌గా ఉంది" అంటే ఆయన మాత్రం ఏం చేస్తారు?

జబ్బు ఏదైనా ముందు చేసే సేవ

విడిగా పెట్టండి. మిగతా కోళ్లకు ఎర్రగా ఏది కనిపించినా పొడిచే అలవాటు ఉంది, వెంట్ వాచిన పెట్ట సాయంత్రానికల్లా రక్తసిక్తం అవుతుంది. అట్టపెట్టెలోనో గంప కిందో పొడి వరిగడ్డి వేసి, ఒక పక్కన 40 లేదా 60 వాట్ల పాతకాలపు బల్బు వేలాడదీయండి. ఎల్ఈడీకి వేడి రాదు. పెట్ట కావాలంటే వేడి దగ్గరికి, వద్దంటే దూరానికి జరిగేంత చోటుండాలి. మే నెల ఎండల్లో బల్బు అక్కర్లేదు, నీడా గాలీ చాలు.

మనుషులు తాగే ఓఆర్ఎస్ పొడిని ప్యాకెట్ మీద రాసినట్టే కలిపి మొదటి రోజు ఇవ్వండి. తినకపోతే దాణానే నీళ్లతో తడిపి ముద్దగా పెట్టండి, రెండు గంటల్లో తినకపోతే తీసేయండి, పులిసిపోతుంది. నోట్లో పోయాల్సి వస్తే సిరంజితో ముక్కు పక్క నుంచి చుక్కలు చుక్కలుగా వేసి, మింగాక మళ్లీ వేయండి. గాలిగొట్టం నోరు నాలుక వెనకే ఉంటుంది. గొంతులోకి ఒక్కసారి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడికక్కడే ప్రాణం పోతుంది.

నొప్పికి ఇంట్లో ఉన్న మాత్ర నలిపి వేయడం చాలామంది చేసే పని. డైక్లోఫెనాక్ అసలు వద్దు. పక్షుల మూత్రపిండాలను అది దెబ్బ తీస్తుంది. రాబందులు అంతరించిపోయే స్థితికి రావడానికి కారణం అదేనని తేలి, 2006లో పశువైద్యంలో దాన్ని మన దేశంలో ఆపేశారు. పక్షులకు డాక్టర్లు సాధారణంగా మెలాక్సికామ్ రాస్తారు. మోతాదు పెట్ట బరువును బట్టి ఉంటుంది కాబట్టి వంటింటి త్రాసులో తూచి ఉంచుకోండి.

గుడ్డు ఇరుక్కుంటే

ఇది సూక్ష్మజీవి జబ్బు కాదు. కానీ రెండు రోజులు అలాగే వదిలేస్తే జబ్బుగా మారుతుంది, లేదా అంతకు ముందే ప్రాణం తీస్తుంది. గూట్లోకి మళ్లీ మళ్లీ పోయి ఖాళీగా రావడం, తోక ఆడిస్తూ ముక్కడం, కాళ్లు ఎడం చేసి నిలబడటం గుర్తులు. తొలి గుడ్డు పెట్టే పడుచు పెట్టలు, బాగా కొవ్వెక్కినవి, కాల్షియం చాలనివి ఎక్కువగా చిక్కుతాయి. పెంకుకు కావాల్సిన కాల్షియమే గుడ్డును బయటికి నెట్టే కండరానికీ కావాలి.

ముందు కాల్షియం. 500 మిల్లీగ్రాముల కాల్షియం మాత్రలో సగం నలిపి, నీళ్లలో కలిపి చుక్కలుగా పట్టండి. తర్వాత టబ్బులో మోచేతికి వెచ్చగా తగిలే నీళ్లు పోసి, పొట్ట మునిగేలా పెట్టను 15, 20 నిమిషాలు కూర్చోబెట్టండి. మొదట గింజుకుంటుంది, రెండు నిమిషాల్లో కళ్లు మూసుకుని హాయిగా కూర్చుంటుంది. నీళ్లు చల్లారకుండా చూసుకోండి. తీసి, తుడిచి, వెంట్ లోపల అంచులకు కొబ్బరి నూనె రాసి, చీకటిగా వెచ్చగా ఉండే పెట్టెలో గంటసేపు వదిలేయండి. మధ్యలో తొంగి చూడొద్దు. చాలా పెట్టలు ఈ గంటలోనే పెట్టేస్తాయి. లేకపోతే ఇంకోసారి ఇదే చేయండి.

రెండోసారికీ రాకపోతే, లేదా పెట్ట నిలబడలేకపోతే డాక్టరు దగ్గరికే. అక్కడ కాల్షియం ఇంజెక్షన్ ఇస్తారు, అవసరమైతే సూదితో గుడ్డు లోపలి సొన లాగి పెంకును నిదానంగా తీస్తారు. ఇంట్లో పుల్లతోనో చెంచాతోనో పగలగొట్టే ప్రయత్నం చేయొద్దు. పెంకు ముక్క దారిని కోసేస్తుంది, చీము అక్కడే మొదలవుతుంది.

వెంట్ పుండు, తెల్ల పేస్టు, కుళ్లు వాసన

వెంట్ కింద ఈకలు తెల్లటి పేస్టుతో అట్టకట్టి, పక్కకు వెళ్తేనే పుల్లటి కుళ్లు వాసన వస్తుంటే అది వెంట్ వాపు. కోళ్లు పెంచేవాళ్లు వెంట్ గ్లీట్ అంటారు. చాలాసార్లు ఇందులో కాండిడా అనే ఫంగస్ ఉంటుంది. బూజు పట్టిన నూకలు, రోజుల తరబడి పెట్టిన పులిసిన అన్నం, ఎక్కువ రోజులు వాడిన యాంటీబయాటిక్ దీనికి దారి చేస్తాయి. చూశారుగా, అనవసరంగా యాంటీబయాటిక్ పోస్తే తగ్గకపోగా పెరిగే జబ్బు ఇదే.

గోరువెచ్చని ఉప్పునీళ్లతో నానబెట్టి పేస్టు వదిలించండి. లాగొద్దు, చర్మం ఊడొస్తుంది. చుట్టూ ఈకలు కత్తెరతో పొట్టిగా కత్తిరించండి. పీకితే రక్తం వస్తుంది, మిగతావి పొడుస్తాయి. మందుల షాపులో దొరికే పోవిడోన్ అయోడిన్ ద్రావణాన్ని పలచటి టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి కడిగి, ఆరనిచ్చి, క్లోట్రిమజోల్ క్రీమ్ పలచగా రాయండి. రోజుకు రెండుసార్లు, కనీసం వారం. మూడో రోజుకే వాసన తగ్గుతుంది. అక్కడ ఆపేస్తే మళ్లీ తిరగబెడుతుంది. తగ్గనివాటికి లోపలికి ఇచ్చే నిస్టాటిన్‌లాంటి మందు డాక్టరు రాస్తారు.

దాణా మార్చడమే అసలు వైద్యం. వారం రోజులు పొడి దాణా, మంచి నీళ్లు తప్ప ఇంకేం వద్దు. యాపిల్ సైడర్ వెనిగర్ గురించి అందరూ అడుగుతారు. నీళ్లలో కొంచెం కలిపితే నష్టం లేదు, దానితోనే తగ్గుతుందని మాత్రం కూర్చోవద్దు.

వానాకాలంలో ఒక ప్రమాదం. తడి వెంట్ మీద ఈగలు గుడ్లు పెడితే ఒక్క రోజులో పురుగులు పడతాయి. పట్టకారుతో ఒక్కొక్కటీ ఏరి, పోవిడోన్ నీళ్లతో కడిగి, ఎండుగా, దోమతెర కింద ఉంచాలి. ఫినాయిల్, కిరోసిన్, టర్పెంటైన్ పోస్తే పురుగులు చస్తాయి, చర్మం కాలుతుంది, పెట్ట కూడా పోతుంది. పసుపు కొబ్బరినూనె పైపూతగా రాసుకోవచ్చు, కానీ పురుగులన్నీ పోయాకే.

వెంట్ దగ్గర బూడిద రంగు గుడ్ల గుత్తులు ఈకలకు అంటుకుని ఉంటే అవి కోడి పేలవి. వాటికి వైద్యం వేరు.

దారి బయటికి జారితే

గేదెలకు మెయ్య దిగినట్టే కోడికీ గుడ్డు దారి చివర ఎర్రటి ముద్దలా బయటికొచ్చి ఉండిపోతుంది. గుడ్డు పెట్టిన నిమిషంలో కొంచెం బయటికి కనిపించి లోపలికి పోతే అది సహజం. అయిదు నిమిషాలైనా పోకపోతే లేచి పరుగెత్తండి, ఎందుకంటే మిగతా కోళ్లు పేగులు లాగేసే దాకా ఊరుకోవు.

లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో రెండు చెంచాలు ఉప్పు వేసి దానితో కడగండి. ముద్ద బాగా వాచి ఉంటే పంచదారను కొంచెం నీళ్లతో తడిపి పైన పూసి పది నిమిషాలు ఉంచండి. పంచదార వాపులోని నీటిని లాగేస్తుంది, ముద్ద కళ్ల ముందే చిన్నదవుతుంది. కడిగేసి, నూనె రాసిన గ్లవ్ వేలితో మధ్యలోంచి లోపలికి తోసి, అరచేత్తో కొన్ని నిమిషాలు అదిమి పట్టండి. లోపల గుడ్డు ఉంటే మాత్రం తోయొద్దు, అది డాక్టరు పని. రంగు నల్లబడ్డా, చిరిగినా, మూడోసారి జారినా డాక్టరే కుట్టు వేయాలి.

ఆ తర్వాత గుడ్లు ఆపించాలి. పెట్టే పెట్టే గుడ్డు మళ్లీ దాన్నే నెట్టుకొస్తుంది. రోజుకు ఎనిమిది గంటల వెలుగు, మిగతాదంతా చీకటి, అలా రెండు వారాలు. నీళ్లూ దాణా ఆ ఎనిమిది గంటల్లో అందేలా చూడండి.

గుడ్డు దారి చీము, కడుపులో సొన

అసలు కష్టం ఇక్కడ. పెట్ట పలచటి పెంకు గుడ్లు, తర్వాత పెంకు లేని గుడ్లు పెట్టి, తర్వాత ఆపేస్తుంది. పొట్ట దిగి, పెంగ్విన్‌లా నిటారుగా నడుస్తుంది. ఒక్కోసారి గూట్లో గుడ్డులా కనిపించే రబ్బరు ముద్ద దొరుకుతుంది. కోస్తే ఉల్లిపాయలా పొరలు పొరలుగా పసుపు, లేత గోధుమ రంగులో ఉంటుంది. అది గుడ్డు కాదు. కోడికి చీము మనలా కారదు, జున్నులా గడ్డ కడుతుంది. దారిలో కొన్నాళ్లుగా పేరుకున్న ఆ గడ్డ మీద పెట్ట గుడ్డు పొరలు చుట్టి బయటికి పంపింది.

పచ్చసొన గరాటులోకి కాకుండా కడుపులో పడటం ఇంకో రకం. ఒకటి రెండు పడితే శరీరం పీల్చేసుకుంటుంది. దానికి ఈ-కోలై తోడైతే సొన కుళ్లి కడుపంతా వాపు వస్తుంది. ఇది చీముతో కలిసే ఎక్కువగా కనిపిస్తుంది. ఈ-కోలైతో పాటు మైకోప్లాస్మా, సాల్మొనెల్లా, పాశ్చరెల్లా అనే సూక్ష్మజీవులు కూడా దీనికి కారణం కావచ్చు. కారణం మారితే మందు మారుతుంది. అందుకే పరీక్ష.

డాక్టరును ఇలా అడగండి: "వెంట్ నుంచి స్వాబ్ తీసి కల్చర్, సెన్సిటివిటీ చేయించగలమా?" అంటే దూదిపుల్లతో లోపలి తడి తీసి, ఏ సూక్ష్మజీవి ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో ల్యాబులో చూడటం. ఫలితం రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా ఆయన ఒక మందు మొదలుపెడతారు, ఫలితం చూసి మారుస్తారు. ఆంధ్రా, తెలంగాణ రెండు చోట్లా 1962కు ఫోన్ చేస్తే పశువైద్య వాహనం సంగతి తెలుసుకోవచ్చు. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి దగ్గర్లో ఉన్నవాళ్లకు వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులున్నాయి.

మందు మొదలయ్యాక మీరు చేయాల్సినవి నాలుగు సంగతులు.

మందు నీటి తొట్టిలో కలపొద్దు. జబ్బు చేసిన పెట్ట అన్నిటికంటే తక్కువ తాగుతుంది. దానికి అందాల్సింది అందదు, ఆరోగ్యమైన కోళ్లన్నీ ఊరికే మందు తాగుతాయి. విడిగా నోట్లోనే వేయండి.

డాక్సీసైక్లిన్, ఎన్రోఫ్లాక్సాసిన్ లాంటివి కాల్షియంతో అతుక్కుపోయి ఒంటికి పట్టవు. లేయర్ దాణాలో, అంటే గుడ్ల కోళ్లకు వేసే దాణాలో, 3.5 నుంచి 4 శాతం కాల్షియం ఉంటుంది. మందు వేసే ముందూ తర్వాతా కొన్ని గంటలు కాల్షియం, ఆల్చిప్పల పొడి ఇవ్వొద్దు. ఎంత ఎడం అన్నది డాక్టరునే అడగండి. "మందు వేశాం, ఏం లాభం లేదు" అనేవాళ్లలో కొందరి కథ ఇదే.

రెండో రోజుకే తేరుకుని గింజలు ఏరుకుంటుంది, అయినా చెప్పినన్ని రోజులూ వేయండి.

కొలిస్టిన్ ఇస్తే తీసుకోవద్దు. మనుషులకు ఇంకే మందూ పనిచేయనప్పుడు వాడే మందని, ఆహారం కోసం పెంచే జీవాల్లో దాని వాడకాన్ని 2019 జులైలో కేంద్రం నిషేధించింది.

ఇక ఇష్టం లేకపోయినా చెప్పాల్సిన మాట. తొలి రోజుల్లో, జుట్టు ఎర్రగా ఉండగానే పట్టుకుంటే కొన్ని పెట్టలు కోలుకుంటాయి. జున్నులాంటి గడ్డలు కట్టాక మందు వాటి లోపలికి చొరబడదు. అప్పుడు గుడ్డు దారినే తీసేసే ఆపరేషన్ ఉంది. కోళ్లకు అది చేసే డాక్టరు దొరకడం కష్టం, పెట్ట తట్టుకోవడమూ కష్టం. పొట్టలో నీరు ఎక్కువై ఊపిరాడకపోతే డాక్టరు సూదితో కొంత తీస్తారు, ఊపిరి తేలికవుతుంది, జబ్బు తగ్గదు. రొమ్ము కత్తిలా తేలి, తినడం మానేసి, కళ్లు తెరవని పెట్టకు మూడో యాంటీబయాటిక్ మార్చడం కన్నా నొప్పి లేకుండా సాగనంపమని డాక్టరును అడగడమే నయం. మా అమ్మమ్మ కాలంలో ఇంత ఆలోచన లేదు, నేరుగా కూర వండేసేవారు. యాంటీబయాటిక్ వేసిన, పొట్టలో చీమున్న పెట్టను మాత్రం వండొద్దు.

గుడ్డు దారి జబ్బులా కనిపించేవి

ఒక్క పెట్ట కాకుండా కోళ్ల మంద మొత్తం ఒకేసారి గుడ్లు తగ్గిస్తే ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్, రానిఖేత్ (మన కొక్కెర తెగులు), ఈడీఎస్ (ఎగ్ డ్రాప్ సిండ్రోమ్) అనే వైరస్ జబ్బులను అనుమానించాలి. పిల్లగా ఉన్నప్పుడు బ్రాంకైటిస్ సోకిన పెట్టకు గుడ్డు దారే సరిగా ఎదగదు. చూడటానికి నిండు పెట్ట, గూట్లో కూర్చుంటుంది, గుడ్డు మాత్రం పెట్టదు. దానికి వైద్యం లేదు.

చెరువు గట్టు, వరి చేలు ఆనుకుని పెంచేవాళ్లకు ఇంకో సంగతి. తూనీగల్ని తిన్న కోళ్లకు గుడ్డు దారిలో చేరే ఒకరకం చదునైన పురుగు ఉంది. నత్తల్లో మొదలై, తూనీగల్లో పెరిగి, కోడికి చేరుతుంది. వెంట్ నుంచి సున్నపు నీళ్లలా కారడం, తోలు గుడ్లు దాని గుర్తులు. మామూలు నట్టల మందుకు లొంగదు, తూనీగల సంగతి డాక్టరుకు ప్రత్యేకంగా చెప్పండి.

గంటల వ్యవధిలో కోళ్లు వరుసగా చచ్చిపోతూ, తల వాచి, జుట్టు ఊదారంగుకు తిరిగితే ఇందాకటి తడమడాలు, వేళ్లు పెట్టడాలు ఏవీ వద్దు. ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరు ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పుడు గోదావరి జిల్లాల్లో పెరటి కోళ్లవాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో తెలిసిందే.

మళ్లీ రాకుండా

గూటి కిందే సగం జబ్బు ఉంటుంది. నాలుగైదు పెట్టలకు ఒక గుడ్ల పెట్టె, అడుగు పొడవు, అడుగు వెడల్పు. అందులో పొడి వరిగడ్డి వేసి వారం వారం మార్చండి. రాత్రి పెట్టెలో పడుకోనివ్వకండి. రాత్రంతా రెట్ట వేసిన గడ్డి మీద పొద్దున తడి వెంట్ ఆనించి గుడ్డు పెడుతుంది. ఈ-కోలైకి ఇంతకంటే మంచి అవకాశం ఉండదు. నీటి తొట్టి రోజూ తోమి కడగాలి, పైన పోయడం కాదు.

తిండి దగ్గర మన ప్రేమే శత్రువు. మిగిలిన అన్నం, నూకలతో వనరాజాలాంటి పెట్టలు కొవ్వెక్కుతాయి, కొవ్వెక్కిన పెట్టకే గుడ్డు ఇరుక్కుంటుంది, దారి జారుతుంది. పెట్టకు రోజుకు 110, 120 గ్రాముల లేయర్ దాణా సరిపోతుంది. ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెడితే ఎంత కావాలో పెట్టే తేల్చుకుంటుంది. తాంబూలపు సున్నం పెట్టకండి, నోరు కాలుతుంది. ఇంకా గుడ్లకు రాని పిల్లలకు లేయర్ దాణా వేయొద్దు, అంత కాల్షియం వాటి మూత్రపిండాలకు భారం.

పుంజు ఒకటికి పెట్టలు ఎనిమిది, పది ఉండాలి. మూడు పెట్టలకు ఇద్దరు పుంజులుంటే వెంట్‌కు మానే తీరిక ఉండదు. రానిఖేత్ టీకాలు వేళకు వేయించండి.

గుడ్లు, తిరిగి మందలోకి

మందు వాడుతున్నన్ని రోజులూ ఆ పెట్ట గుడ్లు పారేయాలి, కుక్కకూ వేయొద్దు. ఆపేశాక ఎన్నాళ్లన్నది లేబుల్ మీద ఉంటుంది. లేబుల్ మీద లేకపోతే మన నిబంధనల ప్రకారం గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు. నేనైతే గుడ్లకు రెండు వారాలు ఆగుతాను. పచ్చసొన పెరగడానికే ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది, మందు అందులో చేరి ఉండొచ్చు. చీము పట్టిన పెట్ట గుడ్లు కోలుకున్నా పొదుగుకు వేయను.

పెట్ట చచ్చిపోతే వదిలేయకండి. సంచిలో కట్టి, ఐసు మీద పెట్టి, గడ్డకట్టనివ్వకుండా ఆ రోజే డాక్టరు దగ్గర కోయించండి. మిగతావాటికి ఏం చేయాలో అక్కడే తెలుస్తుంది. తర్వాత కుక్కలు తవ్వలేనంత లోతు గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి.

కోలుకున్న పెట్టను మూడు రోజులు తడికె అవతల, మిగతావాటికి కనిపించేలా ఉంచండి. తర్వాత రాత్రి అన్నీ గూట్లో నిద్రపోయాక పక్కన కూర్చోబెట్టండి. పొద్దున మీరు కూడా పెందలాడే లేవాలి. మొదటి గంటలో పోట్లాట ముదిరితే మళ్లీ తడికె అవతలికే. తొలి రెండు మూడు గుడ్లు ముడతలు పడి, వంకరగా వస్తాయి. పెన్సిల్‌తో తేదీ రాసి పక్కన పెట్టండి. నాలుగో వారానికీ అలాగే వస్తుంటే మళ్లీ చంకలో పెట్టుకుని, రొమ్ము ఎముక దగ్గర్నుంచి తడమడం మొదలుపెట్టాలి.